ఏ కుర్రాడి నేరానికి ఈల వేస్తాం, ఏ కుర్రాణ్ణి చూసి జడుస్తాం

2021 డిసెంబరు 17న ‘పుష్ప’ మొదటి భాగం విడుదలైనప్పుడు తిరుపతి, చిత్తూరు ప్రేక్షకులకు కథాస్థలం గురించి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. తెర మీద నరుకుతున్న చెట్టు ఏ కొండల్లో పెరుగుతుందో, దుంగలు ఏ దారిన చెన్నై రేవు వైపు పోతాయో ఇక్కడ బడి పిలకాయలకు కూడా తెలుసు. పేపరు జిల్లా పేజీలో ఆ ఫొటో మనకు మామూలే. ముందు ఎర్రచందనం దుంగలు, వాటి పక్కన తలలు దించుకుని కూర్చున్న కూలీలు, వెనక నిలబడ్డ పోలీసులు. ఆ ఫొటో చూసి ఎవరూ ఈల వేయరు, పేజీ తిప్పేస్తారు. అలాంటి కూలీయే తెర మీద భుజం ఎగరేసి నడిచొస్తే థియేటర్ ఊగిపోయింది.

“సినిమా వేరు, బతుకు వేరు” అనేది దీనికి మనం ఎప్పుడూ దగ్గర పెట్టుకునే జవాబు. అందులో కొంత నిజం ఉంది కానీ అది సగం జవాబే. ఎందుకంటే సినిమా లోపల కూడా నేరం చేసిన ప్రతి కుర్రాడికీ ఈల పడదు. ఒకడు కత్తి తీస్తే వాడు పడ్డ అవమానాలు మనకు గుర్తొస్తాయి. ఇంకొకడు కత్తి తీస్తే ‘వీణ్ణి ఎప్పుడు లేపేస్తారా’ అని ఎదురుచూస్తాం. ఒకడు డబ్బు కొట్టేస్తే అల్లరి, ఇంకొకడు కొట్టేస్తే దొంగతనం. పని ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

అమెరికాలో ఈ చర్చ చాలాకాలంగా ఒంటి రంగు చుట్టూ తిరుగుతోంది. మన దగ్గర ఆ పనిని కులం, డబ్బు, యాస, హీరో ముఖం కలిసి చేస్తాయి. ముందు అక్కడి సంగతే చెబుతాను. వాళ్ళు దాన్ని కొలిచి చూశారు.

ఒక్క మాట మార్చి చూస్తే

2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 735 మంది తెల్లజాతి అమెరికన్లకు ఒక కేసు వివరాలు ఇచ్చి చదవమన్నారు. 14 ఏళ్ళ కుర్రాడు. అప్పటికే 17 నేరాల్లో దోషిగా తేలాడు. ఇప్పుడు ఒక ముసలావిడ మీద దారుణంగా అత్యాచారం చేశాడు. కొందరికి ఇచ్చిన కాగితంలో ఆ కుర్రాడు నల్లజాతివాడని ఉంది, మిగతావాళ్ళ కాగితంలో తెల్లజాతివాడని ఉంది. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ మారలేదు. తర్వాత అడిగిన ప్రశ్న ఆ కుర్రాడి గురించి కాదు, మొత్తం మైనర్ల గురించి. హత్య దాకా పోని ఘోర నేరాలకు మైనర్లకు పెరోల్ లేని యావజ్జీవ శిక్ష ఉండాలా? నల్లజాతి కుర్రాడి గురించి చదివినవాళ్ళు ఉండాలనే వైపు ఎక్కువ మొగ్గారు. మైనర్లు కూడా పెద్దవాళ్ళంత బాధ్యులేనని అనడంలోనూ వాళ్ళే ముందున్నారు. ఒక రంగు మనసులో మెదలగానే పిల్లలకూ పెద్దలకూ మధ్య ఉన్న గీత పలచబడిపోయిందన్నమాట.

2014లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ సూటిగా ఉంది. కాలేజీ విద్యార్థులకు అబ్బాయిల ఫొటోలు చూపించి, వాళ్ళు చేశారన్న నేరం చెప్పి, వయసు అంచనా వేయమన్నారు. ఘోర నేరం చేశారని చెప్పిన నల్లజాతి అబ్బాయిల వయసును అసలు కంటే సగటున నాలుగున్నర ఏళ్ళు ఎక్కువ చెప్పారు. 13 ఏళ్ళవాడు వాళ్ళ కళ్ళకు 17 దాటినవాడు. (మన సినిమాల్లో లెక్క తలకిందులుగా నడుస్తుంది. నలభై దాటిన హీరోగారు బీటెక్ మూడో సంవత్సరంలో ఉంటారు, మనం కిమ్మనకుండా చూస్తాం.)

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. తెర ముందు కూర్చున్న మనం నేరం తీవ్రతను తూచి క్షమించం. ఆ నేరస్థుడిలో మనకు వయసు కనబడితే క్షమిస్తాం. వాడికి ఒక చిన్నతనం ఉందని, తెలిసీ తెలియని తనం ఉందని, ఇంకా మారే టైముందని అనిపిస్తే మనసు మెత్తబడుతుంది. ఆ వయసు అందరికీ సమానంగా కనబడదు. కొందరికి పుట్టుకతోనే దక్కుతుంది, కొందరు దాన్ని కెమెరా దయతో సంపాదించుకోవాలి.

1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జాగింగ్ చేస్తున్న మహిళపై అత్యాచారం జరిగింది. ఆ కేసులో అరెస్టయిన ఐదుగురు అబ్బాయిల వయసు 14 నుంచి 16 మధ్య. నలుగురు నల్లజాతివాళ్ళు, ఒకరు లాటినో. పత్రికలు వాళ్ళను తోడేళ్ళ మందతో పోల్చాయి. అప్పట్లో రియల్ ఎస్టేట్ వ్యాపారిగా ఉన్న డోనల్డ్ ట్రంప్ మరణశిక్షను తిరిగి తేవాలంటూ నాలుగు పత్రికల్లో ప్రకటనలు వేయించారు. 2002లో అసలు నేరస్థుడు ఒప్పుకున్నాడు, డీఎన్ఏ కూడా సరిపోయింది, ఐదుగురి మీదా శిక్షలు రద్దయ్యాయి. 2014లో నగరం 4.1 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది. 2019లో ఏవా డువెర్నే ఈ కథను నాలుగు భాగాల సిరీస్‌గా తీసినప్పుడు ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. అదే పిల్లలు, అవే ముఖాలు. 30 ఏళ్ళ కిందట వాళ్ళను తల్లుల పక్కన, బడిలో, ఇంట్లో చూపించినవాళ్ళు లేరు. సిరీస్ మొదట ఆ పనే చేసింది.

కెమెరా ఎవరి పక్కన కూర్చుంది

సినిమా సిద్ధాంతం రాసిన మర్రే స్మిత్ 1995లో ఒక పనికొచ్చే విభజన చేశాడు. పాత్రను గుర్తుపట్టడం ఒక మెట్టు. పాత్ర వెంట ఉండటం, అంటే అతను చూసిందే చూడటం, అతనికి తెలిసిందే తెలుసుకోవడం రెండో మెట్టు. పాత్ర పక్షాన నిలబడటం మూడోది. వెంట ఉన్నంత మాత్రాన పక్షాన ఉన్నట్టు కాదు. హంతకుడి వెంట రెండు గంటలు తిప్పి, చివరికి అతని మీద అసహ్యం మిగిల్చే సినిమాలున్నాయి. కానీ మామూలు కమర్షియల్ సినిమాలో వెంట ఉండటం మెల్లగా పక్షంగా మారిపోతుంది. మారేది మనకు తెలియదు కూడా. ఫ్లాష్‌బ్యాక్ నేరానికి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా? దెబ్బ తిన్నవాడి ముఖం క్లోజప్‌లో ఉందా, లాంగ్ షాట్‌లో ఉందా? వెనక వచ్చేది మాస్ బీటా, వీణా? ఇలాంటివే మనల్ని ఆ మెట్టు ఎక్కిస్తాయి.

2012లో వెనిస్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించిన ‘స్ప్రింగ్ బ్రేకర్స్’ దీనికి మంచి ఉదాహరణ. సెలవుల్లో ఫ్లోరిడా వెళ్ళడానికి డబ్బుల్లేని కాలేజీ అమ్మాయిలు ఒక హోటల్‌ను దోచుకుంటారు. ముఖ్యపాత్రల్లో ఉన్న సెలీనా గోమెజ్, వెనెస్సా హడ్జెన్స్ అంతకుముందు డిస్నీ వాళ్ళ పిల్లల కార్యక్రమాల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు. దోపిడీ జరుగుతుంటే కెమెరా లోపలికి పోదు. బయట తిరుగుతున్న కారులో, డ్రైవింగ్ చేస్తున్న అమ్మాయి పక్కన కూర్చుని, కిటికీ అద్దాల్లోంచి చూస్తుంది. లోపల తిండి తింటున్నవాళ్ళు ఎంత వణికిపోయారో అప్పుడు మనకు తెలియదు. తర్వాతెప్పుడో, అమ్మాయిలు నవ్వుకుంటూ ఆ సంగతి మళ్ళీ నటించి చూపించినప్పుడు తెలుస్తుంది. అప్పటికే ఆలస్యమైంది, మనం వాళ్ళతో కారెక్కేశాం. చివర్లో ఇద్దరమ్మాయిలు ఒక నల్లజాతి ముఠా ఇంట్లోకి చొరబడి అందరినీ కాల్చేసి, ఖరీదైన కారులో వెళ్ళిపోతారు. ఆ చనిపోయినవాళ్ళలో ముఠా నాయకుడు తప్ప ఇంకొకడి పేరైనా గుర్తుండదు. దర్శకుడు హార్మొనీ కొరీన్ అమెరికా కలను వెక్కిరించాడని కొందరంటారు, అదే కలను గులాబీ రంగులో అమ్మాడని మరికొందరంటారు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. అయితే ఆ ఇంట్లో పడి ఉన్న శవాల్లో ఎవరికీ ఫ్లాష్‌బ్యాక్ లేదన్న సంగతి మాత్రం ఈ రెండు వాదనల్లో ఏదీ మార్చలేదు.

2013లో వచ్చిన సోఫియా కొప్పొలా సినిమా ‘ది బ్లింగ్ రింగ్’ది మరో దారి. 2008, 2009ల్లో లాస్ ఏంజెలెస్‌లో కలిగిన కుటుంబాల పిల్లలు కొందరు పారిస్ హిల్టన్ లాంటి ప్రముఖుల ఇళ్ళలో దూరి సుమారు 30 లక్షల డాలర్ల విలువైన వస్తువులు ఎత్తుకెళ్ళారు. సినిమా దాన్ని నిజంగా హిల్టన్ ఇంట్లోనే కొంత చిత్రీకరించింది. ఇక్కడ ప్రేక్షకుడు ఆ పిల్లల్ని ప్రేమించడు. విసుక్కుంటాడు, వెక్కిరిస్తాడు, లోలోపల కాస్త అసూయపడతాడు. కానీ భయపడడు. అసలు సంగతి అదే అనుకుంటాను. వెసులుబాటు ఉన్న కుర్రాడి నేరం మనలో చిరాకు పుట్టిస్తుంది, లేనివాడి నేరం భయం పుట్టిస్తుంది. చిరాకు మందలింపుతో తీరుతుంది. భయం మాత్రం శిక్ష పడేదాకా తీరదు.

ఆ భయం థియేటర్ గోడలు దాటి కూడా పనిచేసింది. 1991లో జాన్ సింగిల్టన్ ‘బాయ్జ్ ఎన్ ద హుడ్’ తీసినప్పుడు అతనికి 23 ఏళ్ళు. లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగంలో పెరిగే నల్లజాతి కుర్రాళ్ళ కథ అది. సింగిల్టన్ ముందు వాళ్ళ పదేళ్ళ వయసును చూపించాడు, తండ్రి కొడుక్కి ఏం నేర్పాడో చూపించాడు, ఆ తర్వాతే తుపాకీ దాకా వచ్చాడు. దాంతో ఉత్తమ దర్శకుడి ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి నల్లజాతీయుడు, అందరికంటే చిన్నవాడు అయ్యాడు. కానీ విడుదలైన రోజు కొన్ని థియేటర్ల దగ్గర కాల్పులు జరిగితే, చాలా పత్రికలకు సినిమా పక్కకు పోయి ఆ కాల్పులే వార్త అయ్యాయి. కొన్ని థియేటర్లు సినిమానే తీసేశాయి. హింస వద్దని మొత్తుకునే సినిమాకు పడిన గతి ఇది.

రంగు అనేది కూడా రాతిలో చెక్కింది కాదు. 1930లలో హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్లు ఎక్కువగా ఐరిష్, ఇటాలియన్ వలస కుటుంబాల కుర్రాళ్ళు. అప్పటి అమెరికా పెద్దమనుషుల దృష్టిలో వాళ్ళు ఇంకా పూర్తి ‘మనవాళ్ళు’ కాదు. ఆ హీరోలను చూసి జనం చెడిపోతున్నారని గోల లేచింది. 1934 నుంచి గట్టిగా అమలైన హేస్ కోడ్, అంటే హాలీవుడ్ తనకు తాను పెట్టుకున్న సెన్సారు నియమావళి, నేరస్థుడి మీద ప్రేక్షకుడికి సానుభూతి కలగకూడదని, నేరానికి శిక్ష పడి తీరాలని పట్టుబట్టింది. 1938 నాటి ‘ఏంజెల్స్ విత్ డర్టీ ఫేసెస్’ ఆ గొడవనే కథగా మార్చుకుంది. మరణశిక్షకు వెళ్తున్న గ్యాంగ్‌స్టర్‌ను చిన్ననాటి స్నేహితుడైన ఫాదరీ ఒక కోరిక కోరతాడు: వాడలోని పిల్లలు నిన్ను హీరో అనుకుంటున్నారు, చచ్చేటప్పుడు పిరికివాడిలా ఏడువు. అతను ఏడుస్తాడు. నిజంగా ఏడ్చాడా, పిల్లల కోసం నటించాడా అన్నది సినిమా చెప్పదు. ప్రేక్షకుడి చేతికి సానుభూతి దొరక్కుండా చేయాలన్న నిబంధనకు ఇంతకంటే తెలివైన జవాబు నేను చూడలేదు.

ఈ కథ పాతబడిపోలేదు. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన బ్రిటిష్ సిరీస్ ‘అడోలెసెన్స్’లో 13 ఏళ్ళ తెల్లజాతి బాలుడు తోటి విద్యార్థినిని కత్తితో పొడిచి చంపుతాడు. నాలుగు భాగాలూ ఒక్కోటి ఒకే షాట్‌లో తీశారు. పోలీసులు తలుపు బద్దలుకొట్టి వచ్చినప్పుడు భయంతో పక్క తడుపుకునే పిల్లాడిగా మనకు అతను మొదట పరిచయమవుతాడు. నేరం ఆ తర్వాత తెలుస్తుంది. చూసినవాళ్ళు చలించిపోయారు. అంతలోనే సోషల్ మీడియాలో ఒక ప్రచారం మొదలైంది, అసలు నేరస్థుడు నల్లజాతివాడని, నిర్మాతలు కావాలని రంగు మార్చారని. ఎలాన్ మస్క్ కూడా ఆ పోస్టుకు ఆశ్చర్యంతో స్పందించి దాన్ని ఇంకా వ్యాపింపజేశాడు. ఇది ఏ ఒక్క నిజ కేసు మీదా ఆధారపడలేదని రచయిత జాక్ థార్న్ చెప్పాల్సి వచ్చింది. కత్తి పట్టిన 13 ఏళ్ళ పిల్లాడి ముఖం తమ పిల్లాడి ముఖంలా ఉండటం కొందరికి మింగుడుపడలేదు.

మన ఇంటి పేర్ల సంగతి

కులం, జాతి ఒకటి కాదు. ఆ మాట అంబేడ్కరే గట్టిగా వాదించారు. 2001లో డర్బన్‌లో జాతివివక్షపై ప్రపంచ సదస్సు జరిగినప్పుడు కులాన్ని అందులో చేర్చడాన్ని భారత ప్రభుత్వం వ్యతిరేకించింది కూడా. రంగు ఒంటి మీద ఉంటుంది. కులం ఇంటి పేరులో, ఊళ్ళో ఇల్లున్న వీధిలో, మాట్లాడే తీరులో ఉంటుంది. అందుకే అమెరికా లెక్కను తెచ్చి ఇక్కడ అతికించలేం. కానీ ఎవరి పిల్లాడికి చిన్నతనం ఉంటుంది అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒక్కటే. దాని జవాబు ఇక్కడ చట్టంగానే రాసిపెట్టారు ఒకప్పుడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను మొత్తంగా నేరస్థులుగా ముద్ర వేసింది. తర్వాత మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తించాక ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి కాపలా కాశారు. 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది, ముద్ర మాత్రం పోలీసు రికార్డుల్లో, జనం నోళ్ళలో ఉండిపోయింది. అక్కడ పిల్లాడు పుట్టకముందే వాడి ఫ్లాష్‌బ్యాక్ రాసేశారు. మన నగరి పక్కన ఓజీ కుప్పం పేరు దొంగతనం కేసుల్లో బెంగళూరు పోలీసుల నోట ఎన్నిసార్లు వచ్చిందో పేపరు చదివేవాళ్ళకు తెలుసు. ఆ ఊళ్ళో చదువుకుని ఇంటర్వ్యూకు వెళ్ళే కుర్రాడు సొంత ఊరి గడిలో ఏం రాస్తాడో ఒకసారి ఊహించండి.

సినిమా మనల్నీ ఆ గడిలో నిలబెట్టింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ ఆడాక చాలా ఏళ్ళు రాయలసీమ అంటే సుమోలు, బాంబులు అయిపోయింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఉన్న ఫ్యాక్షన్ చిత్తూరు జిల్లాలో ఆ స్థాయిలో లేదు, అయినా మన యాస తెర మీద వినిపిస్తే పక్కన కత్తి ఉన్నట్టే లెక్క. హైదరాబాద్‌లో రూము వెతుక్కోవడానికి పోయిన మన పిలకాయలు ఈ జోకు భరించే ఉంటారు. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఆ సినిమాల్లో నరికేవాడి కులం సినిమా పేరులోనే ఉంది, అది పెద్ద కులం. వాడి నరుకుడు పౌరుషం. వాడి వెనక సుమోలో కూర్చున్న అనుచరులు మాత్రం పేరు లేకుండా చస్తారు. వాళ్ళది ఏ కులమో ఏ సినిమా చెప్పదు, చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ కనబడలేదు.

డబ్బున్న, చదువున్న కుర్రాడి సంగతి 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’ తేల్చింది. హీరో సర్జన్. ఒక అమ్మాయిని కత్తి చూపించి బెదిరిస్తాడు, తాగి ఆపరేషన్ చేస్తాడు, పరిచయం లేని జూనియర్‌ను అడగకుండా ముద్దు పెట్టుకుంటాడు. ఇవన్నీ చట్టం దృష్టిలో కేసులే. థియేటర్‌లో అవి ప్రేమ ముదిరిన లక్షణాలు. సినిమా బాగా తీశారు, నటన బాగుంది, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ పనులే తిరుపతి కొర్లగుంటలో ఆటో తోలే కుర్రాడితో చేయించి చూడండి. రెండో సీనుకే అతను విలన్, ఇంటర్వెల్‌కు లాకప్‌లో ఉంటాడు. 2019లో వచ్చిన ‘బ్రోచేవారెవరురా’లో కాలేజీ కుర్రాళ్ళు స్నేహితురాలితో కలిసి దొంగ కిడ్నాప్ ఆడి ఆమె తండ్రి దగ్గర డబ్బు లాగుతారు. కడుపుబ్బ నవ్వుతాం, నేనూ నవ్వాను. నవ్వు వచ్చే చోట నేరం బరువు తగ్గుతుంది. ఏ కుర్రాళ్ళకు ఆ నవ్వు దొరుకుతుందో అక్కడే చూడాలి.

సరే, అయితే పుష్పరాజ్ సంగతేమిటి? కూలీ, తండ్రి ఇంటి పేరు దక్కనివాడు, నల్లటివాడు, చిత్తూరు యాస మాట్లాడేవాడు. నేను చెబుతున్న లెక్క ప్రకారం అతన్ని చూసి జనం జడుసుకోవాలి కదా? ఇక్కడ మన సినిమా చేసే పని అమెరికా సినిమాకు కూడా అంతగా రాదు. అవమానం మొత్తం లేనివాడిది తీసుకుంటుంది, ఒళ్ళు మాత్రం స్టార్‌ది ఇస్తుంది. ఆ నలుపు మేకప్‌తో వచ్చింది. హీరో అల్లు రామలింగయ్య మనవడు, మూడు తరాల సినిమా కుటుంబం. ఆ అడవి కూడా చాలావరకు శేషాచలం కాదు, తూర్పున మారేడుమిల్లి. ఇంటి పేరు లేదని బడిలో తల దించుకున్న పిల్లాణ్ణి మొదట్లోనే చూపించి, ఆ తర్వాత గొడ్డలి చేతికిచ్చారు. అతని నటనకు జాతీయ అవార్డు వచ్చింది, తెలుగు నటుడికి ఉత్తమ నటుడిగా అదే మొదటిది. అవార్డుకు తగ్గ నటనే. కానీ మనం ఈల వేసింది కూలీ కోపానికా, ఆ కోపాన్ని తొడుక్కున్న హీరోకా అని అడిగితే, సమాధానం తెర మీదే పక్కన ఉంది. అతని వెంట చెట్లు నరికిన మిగతా కూలీల్లో ఎంతమంది ముఖాలు గుర్తున్నాయి?

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో, శ్రీవారిమెట్టు వైపు రెండు చోట్ల, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. చాలామంది తిరువణ్ణామలై, ధర్మపురి వైపు కొండ ఊళ్ళ పేదలు, వాళ్ళలో ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళూ ఉన్నారు. రాళ్ళు, గొడ్డళ్ళతో దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. కొందరిని ముందు రోజే బస్సులోంచి దించి పట్టుకెళ్ళారని సాక్షులు జాతీయ మానవ హక్కుల సంఘం ముందు చెప్పారు. ఇక్కడ రెండో వైపు కూడా చెప్పాలి. అంతకు పదహారు నెలల ముందు, 2013 డిసెంబరులో, ఇవే అడవుల్లో ఇద్దరు అటవీ ఉద్యోగులను స్మగ్లర్ల మనుషులు కొట్టి చంపారు. ఆ కుటుంబాల దుఃఖం కూడా ఈ ఊళ్ళదే. కానీ ఆ 20 మంది గురించి తిరుపతిలో ఎక్కువగా వినబడిన మాట “దొంగతనానికొచ్చారు, అనుభవించారు” అన్నదే. ఆరేళ్ళ తర్వాత అదే ఊళ్ళో పుష్పకు హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టారు. ప్రేక్షకులు కపటులని నేననను. ఆ 20 మందిలో ఒక్కడి బడి సీను కూడా మనకు ఎవరూ చూపించలేదు.

అలాంటి కుర్రాళ్ళను దగ్గరగా చూపించిన సినిమా ఒకటుంది, అది తమిళం. 2015లో వెట్రిమారన్ తీసిన ‘విసారణై’లో గుంటూరుకు పనికొచ్చిన తమిళ కుర్రాళ్ళు పార్కులో పడుకుంటారు. చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు వాళ్ళను చితకబాదుతారు. అలా దెబ్బలు తిన్న ఒక ఆటో డ్రైవర్ రాసిన పుస్తకం దీనికి ఆధారం. కొట్టే పోలీసులు అందులో తెలుగే మాట్లాడతారు. తెలుగు ప్రేక్షకుడు ఈ సినిమా చూస్తే ఒక విచిత్రమైన ఇబ్బంది కలుగుతుంది. దెబ్బలు తినేవాడి భాష మనకు రాదు, కొట్టేవాడి బూతులు మాత్రం సబ్‌టైటిల్ అక్కర్లేకుండా అర్థమవుతాయి. ఇలాంటి ఇబ్బంది పెట్టే తెలుగు సినిమాలు తక్కువ. 2025లో వచ్చిన ‘కోర్ట్’ కొంత ప్రయత్నించింది. పెద్దింటి మైనర్ అమ్మాయిని ప్రేమించిన 19 ఏళ్ళ పేదింటి కుర్రాడి మీద పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు పెడతారు. అతన్ని ముందు ప్రేమికుడిగా చూపించి తర్వాత నిందితుణ్ణి చేశారు కాబట్టి హాలంతా అతని వైపే ఉంది. పెద్ద స్టార్ లేకుండానే ఆడింది. ఆ కుర్రాడు ఏ తప్పూ చేయనివాడు కాబట్టి పని కాస్త సులువైంది, అది ఒప్పుకోవాలి. నిజంగా తప్పు చేసిన పేద కుర్రాణ్ణి, స్టార్ కానివాణ్ణి, మన ముందు నిలబెట్టి వాడి వయసు చూడమనే తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

ఇక తెర అవతల. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ళ బాలుడు నడిపిన ఖరీదైన పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. కొన్ని గంటల్లోనే బాలల న్యాయ మండలి బెయిలిచ్చింది. షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం. దేశమంతా మండిపడింది. తర్వాత అతని రక్త నమూనా మార్చేశారన్న ఆరోపణ మీద డాక్టర్లు అరెస్టయ్యారు. అతన్ని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల విన్నపాన్ని 2025 జులైలో మండలి తోసిపుచ్చింది. చాలామంది కోపం ‘వాడికి అంత జాలి ఎందుకు’ అని. నా అభ్యంతరం వేరే. 17 ఏళ్ళవాణ్ణి 17 ఏళ్ళవాడిగా చూడటంలో తప్పు లేదు, చట్టం ఉన్నదే అందుకు. డబ్బున్నవాడి విషయంలో ఆ చట్టం గంటల్లో నిద్రలేచింది. దేశంలోని జైళ్ళలో ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా విచారణే పూర్తికానివాళ్ళు. వాళ్ళలో దళితులు, ఆదివాసీలు, ముస్లింల వాటా జనాభాలో వాళ్ళ వాటా కంటే ఎక్కువ. 18 నిండలేదని నిరూపించే కాగితం చేతిలో లేక పెద్దల జైలుకు పోయిన పిల్లల కథలు బడుగుల కేసులు చూసే ఏ లాయరును అడిగినా చెబుతారు.

సినిమావాళ్ళు ఫ్లాష్‌బ్యాక్ అనేదాన్ని చట్టం కూడా అడుగుతుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ మధ్యవాడు ఘోర నేరం చేశాడంటే, పెద్దవాడిగా విచారించాలా లేదా అని తేల్చేముందు మండలి మూడు సంగతులు చూడాలి. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, జరగబోయేది అర్థం చేసుకునే శక్తి ఉందా, ఏ పరిస్థితుల్లో అది జరిగింది. అంతకుముందే, పిల్లాణ్ణి మండలి ముందు నిలబెట్టిన 15 రోజుల్లో ప్రొబేషన్ అధికారి ఒక సామాజిక పరిశీలన నివేదిక ఇవ్వాలి. అతని ఇల్లు, బడి, తల్లిదండ్రుల సంపాదన, స్నేహాలు అన్నీ అందులో ఉండాలి. పుణె అబ్బాయి కోసం ఆ కథ చెప్పడానికి లాయర్లు క్యూ కట్టారు. జవ్వాది కొండల నుంచి దుంగలు మోయడానికి వచ్చి తిరుపతిలో పట్టుబడిన 17 ఏళ్ళ కుర్రాడి నివేదిక రాయాలంటే, అధికారి రాష్ట్రం దాటి, కొండెక్కి, ఆ తల్లిని తమిళంలో అడగాలి. 15 రోజుల్లో.